షాబాన్ ఇచ్చే టీ

అస్యూత్ ఎడారి రోడ్డు మీద ఏ ప్రమాదం జరిగినా హెడ్ కానిస్టేబుల్ షాబాన్ ముందు జీపు బానెట్ మీద స్టవ్ వెలిగించి టీ పెడతాడు. మూత్రపరీక్ష డబ్బా తర్వాతే బయటికొస్తుంది. మరిగే టీని గాజుగ్లాసులో అంచుదాకా పోసి, "తాగు నాయనా, జైల్లో ఇలాంటిది దొరకదు" అంటూ డ్రైవర్ చేతికిస్తాడు. ఒళ్లు తెలిసినవాడు గ్లాసును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటాడు. మత్తెక్కించే నొప్పి బిళ్లలు మింగి బండి నడిపేవాడు నిమ్మళంగా గుప్పిట్లో పట్టుకుంటాడు. ఇరవై ఏళ్లలో ఆ గుర్తు ఒక్కసారీ తప్పలేదని షాబాన్ చెప్పుకుంటాడు. నడుము పట్టేసిన మనిషి, ఎడమచెయ్యి ఎప్పుడూ వెన్ను మీదే ఉంటుంది.

ఆ పొద్దున టమాటాల లారీ ఒక కారును గుద్ది బోల్తాపడింది. కారులోని ఇద్దరినీ అంబులెన్సు తీసుకుపోయింది. రోడ్డంతా టమాటాలు చితికి ఎర్రగా పరుచుకున్నాయి. లారీ డ్రైవర్ వగీహ్ గ్లాసు అందుకుని, వెంటనే ఇసుకలో పెట్టేశాడు.

"కాలుతోందా?" షాబాన్ గొంతులో నిరాశ.

"కాలదా మరి, నిప్పులా ఉంటే?"

"అయితే బిళ్లలేం మింగలేదంటావ్."

"లేదు బాబాయ్." వగీహ్ చూపు షాబాన్ చేతిలోని రెండో గ్లాసు మీద ఆగింది. "నీది చల్లారిందా?"

షాబాన్ కిందికి చూసుకున్నాడు. పొగలు కక్కుతున్న గ్లాసు తన గుప్పిట్లోనే ఉంది. వేళ్లు విప్పితే అరచెయ్యి కమిలి కనిపించింది. లేవగానే నడుముకని వేసుకున్న బిళ్లలు రెండా, మూడా అని కాసేపు ఆలోచించాడు. తర్వాత టీ పారబోసి, స్టవ్ ఆర్పి, జేబులోంచి జీపు తాళాలు తీశాడు.

"స్టేషన్ నలభై కిలోమీటర్లు. ఎక్కు."

వగీహ్ ఎక్కాడు. లారీలో ఎన్నడూ పెట్టుకోని సీటుబెల్టు కోసం తడుముకున్నాడు.