తొమ్మిది వందల తొంభై ఒకటో కుర్చీ

సభామందిరంలో కుర్చీలు వేసే పనిలోనే ఆయన తల నెరిసింది. దారం కట్టి, వెనక కాళ్లు దారాన్ని తాకేలా ప్రతి కుర్చీనీ సర్దితే గానీ ఆయనకు ముద్ద దిగదు. అందరూ వరసల బాబాయి అంటారు. ఒక్క కుర్చీ మిగిలినా ఆయనకు ఒళ్లుమంట. దాన్ని ఎవడో ఒకడు నడిచే దారిలోకి లాక్కుంటాడు, ఇక వరసలన్నీ కుప్పే. కుర్చీలు వెయ్యి ఉన్నంతకాలం ఈ బెడద లేదు. వరసకు నలభై, ఇరవై అయిదు వరసలు.

సరిగ్గా వదిన పదవీ విరమణ సభ నాటికి తొమ్మిది విరిగి ఉన్నాయి. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆ వదినే. లెక్కల టీచరు. ఆవిడ సభలో చిన్న వంక కూడా ఉండకూడదని ఆయన పంతం పట్టాడు.

చిన్నప్పటి నుంచీ ఆయనకూ భాగహారానికీ చుక్కెదురు. అందుకే వరసకు ఎన్ని వేస్తే ఒక్కటీ మిగలదో రెండు నుంచి మొదలుపెట్టి, చిన్న సంఖ్యలు సుద్దగీతలతోనూ, పెద్దవి కుర్చీలతోనూ తేల్చుకుంటూ పోయాడు. వరసకు ఇరవై మూడు వేస్తే రెండు మిగిలాయి. ఇరవై తొమ్మిది వేస్తే అయిదు. ముప్ఫై ఒకటి వేస్తే ఆఖరి వరసకు ఒక్కటంటే ఒక్కటే తక్కువైంది. తోటి పనివాళ్లు ఆయనకో దండం పెట్టి భోజనానికి పోయారు.

వదిన వచ్చేసరికి చెమటలు కక్కుతూ ముప్ఫై రెండుకు దిగాడు.

"ఎవడో ఒక కుర్చీ దాచేశాడు వదినా."

"ఎవరూ దాచలేదయ్యా. తొమ్మిది వందల తొంభై ఒకటి ప్రధాన సంఖ్య. ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. మిగలకూడదంటే అన్నీ ఒకే వరసలో వెయ్యి."

"చివరివాడు పక్కవీధిలో కూర్చుంటాడు. ముప్ఫై రెండు నుంచి ఇంకా చూడలేదుగా?"

"చూడక్కర్లేదు. ముప్ఫై రెండు ముప్ఫై రెళ్లు వెయ్యి దాటుతాయి. వరసకు ముప్ఫై రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే వరసలు ముప్ఫై ఒకటికి మించవు. ఆ సంఖ్యలన్నీ పొద్దుట్నుంచీ చూసినవేగా. అడ్డం నిలువైతే లెక్క మారుతుందా?"

ఆయన మొహం చిన్నబోయింది. "నీ సభ ఒక్కటైనా వంక లేకుండా జరపాలనుకున్నాను వదినా."

ఆవిడ దగ్గరున్న కుర్చీని చేత్తో తట్టింది. "ఒకటి తీసి పక్కన పెట్టు. ముప్ఫై మూడు వరసలు, వరసకు ముప్ఫై."

అతికినట్టు సరిపోయాయి. "మరి ఆ ఒక్కటి?"

"దాని సంగతి నేను చూసుకుంటాను."

సాయంత్రం ఆ కుర్చీ వేదిక మీద, ఆవిడ పక్కన ఉంది. ఇన్నేళ్లలో ఏ సభలోనూ కూర్చోని మనిషిని రెక్క పట్టుకుని అందులో కూర్చోబెట్టింది. తను వేసిన వరసల్ని నిండా జనంతో ఎదురుగా చూడటం ఆయనకు అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. అంతలో మూడో వరసలో ఎవరో కుర్చీ కాస్త వెనక్కి జరిపారు. ఆయన చటుక్కున లేవబోయాడు.

వదిన ప్రసంగం ఆపి మైకులోనే అంది. "మరిదిగారూ, కూర్చోండి."

సభంతా నవ్వింది. ఆయన కూర్చున్నాడు. సభ ముగిసేదాకా లేవలేదు, మూడో వరసలో జరిగిన ఆ కుర్చీ మీంచి చూపూ తిప్పలేదు.