మామ తూచి ఇచ్చిన పిస్టల్

మంగళవారం పొద్దున నేను దేవుడి గూట్లో దీపం పెట్టి ఒత్తి ఎగదోస్తున్నాను. మా అమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. "మీ మామకు ఊపిరి నిలిచిపోయినాదమ్మా, రా" అంది. ఏడవలేదు. కోలారు బంగారు గనుల పక్కన మా చాంపియన్ రీఫ్స్ కూలి లైన్లలో ఆ మాట విన్నాక ఏమైందని ఎవరూ అడగరు. గనిలో దిగిన మగవాళ్ళు ఇక్కడ చాలామంది ఆ దారినే పోయారు. గని మూసేసినా రాతి దుమ్ము వాళ్ళ రొమ్ములోనే ఉండిపోతుంది. మనిషిని మెల్లగా బిగిస్తుంది. మామను బిగిస్తుంటే మేం ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాం.

ఆయన మా అమ్మకు తమ్ముడు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా వాళ్ళలో గనిలోకి దిగిన చివరి మనిషి. గని మూతపడ్డాక బెంగళూరులో ఒక షూటింగ్ రేంజిలో పనికి కుదిరాడు. మొదట కాపలా, తర్వాత పిస్టళ్ళ పిడులు అరగదీసి చేతులకు అమర్చే పని, ఆ తర్వాత పిల్లలకు నేర్పే పని. రొమ్ము మొరాయించాక తిరిగి మా లైన్లకే వచ్చాడు. అత్త అప్పటికే లేదు, పిల్లలూ లేరు. మా అమ్మతో పాటు ఒకే ఇంట్లో ఉంటూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక చివర కాగితపు గురి కట్టి, మా అమ్మాయికి పిస్టల్ నేర్పాడు.

ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది. గనిలో దిగేవాడు తన పేరున ఉన్న ఇత్తడి బిళ్లను షాఫ్టు అనే గని బావి దగ్గర పలక మేకుకు తగిలించి దిగేవాడు. పైకి వచ్చాక తీసుకునేవాడు. షిఫ్టు అయిపోయాక కూడా మేకుకు బిళ్ల ఉందంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం. మామ షెడ్డు తలుపు పక్కన ఒక పలక బిగించి రెండు మేకులు కొట్టాడు. ఒకదానికి తన పాత గని బిళ్ల. రెండోదానికి, పాత చెంబు మూత కత్తిరించి మా అమ్మాయికి చేసిచ్చిన బిళ్ల. బిళ్ల తగిలించనిదే పిస్టల్ ముట్టకూడదు. పని అయ్యాక గుండు లేదని తెరిచి చూపించి, పెట్టెలో పెట్టి తాళం వేయనిదే బిళ్ల తీసుకోకూడదు. ఒకరోజు మా అమ్మాయి మరిచిపోయి వచ్చేస్తే ఇంటిదాకా వచ్చి పిలుచుకుపోయాడు. "నువ్వింగా లోపలే ఉండావు పాపా, వచ్చి బయటికి రా" అన్నాడు. ఆ మాటకు మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

మొదట్లో మా అమ్మ ఈ పనికి అస్సలు ఒప్పుకోలేదు. పిస్టల్ అని కాదు, ఏర్ పిస్టల్ అన్నందుకు. మా ఇళ్ళలో ఏర్ అంటే ఒకటే, ఏర్ బ్లాస్ట్. భూమి లోపల లోతున రాయి బరువు తాళలేక ఉన్నట్టుండి పగిలేది. పైన మా వంటిళ్ళలో గిన్నెలు కదిలేవి. గిన్నె కదిలితే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. నా చిన్నతనంలో అట్లా పరుగెత్తిన రోజు పలక మీద మా నాన్న బిళ్ల మిగిలి ఉండడం మా అమ్మ కళ్ళారా చూసింది.

"ఏరంట ఏరు! మా ఆయన్ని మింగింది చాల్లేదా, ఇంగ నా మనవరాలి చేతిలోకి తెస్తా ఉండావా?" అని తమ్ముడి మీదికి పోయింది.

"అక్కా, ఆ ఏరు వేరే, ఈ ఏరు వేరే. ఇది సైకిలు టైరుకు కొడతారే, ఆ గాలి."

"టైరు పేలదా?"

మామ తల గోక్కున్నాడు. "పేలతాది. పేలినా కాగితానికే బొక్క పడతాది, సరేనా?"

ఆమె చాలా రోజులు ఆ షెడ్డు వైపు చూడలేదు. పిస్టల్‌లోకి గాలి ఎక్కించే పంపు కొట్టే ఓపిక మామకు లేదు, మా అమ్మాయే కొట్టేది. "నా రొమ్ములో లేని గాలి దాంట్లోకన్నా పోనీ, గట్టిగా కొట్టు" అనేవాడు.

నాకూ మొదట మనసొప్పలేదు. మా అత్తవారి వైపు వాళ్ళు బూదికోట దగ్గర మామిడి తోటలు చూసుకునేవాళ్ళు. ఆడపిల్ల చేతికి పిస్టల్ ఎందుకని అడిగారు. ఆయుధ పూజ నాడు ఆ పిస్టల్‌ని పీట మీద పెట్టి, పసుపు పూసి, కొసన నిలబడి ఉండే చిన్న ఇనుప ముక్క మీద కుంకుమ బొట్టు పెట్టాను. అందంగా కనిపించింది. మర్నాడు మా అమ్మాయి గురి చూస్తే అంతా ఎర్రగా ఉందట. మామ చూసి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పంచె కొంగుతో బొట్టు తుడిచి, నా మనసు కష్టపడుతుందని కాబోలు, పిడి అడుగున మళ్ళీ తనే పెట్టాడు.

"మీ అమ్మ సరైన చోటే పెట్టింది పాపా. కాగితం మసగ్గా కనపడినా పర్వాలేదు, నీ చూపు మాత్రం ఈ ముందు ముక్క మీదే ఉండాల" అన్నాడు.

ఈ ఏడు మా అమ్మాయి రాష్ట్ర ఎంపిక పోటీకి వెళ్ళాలి. నేర్చుకున్న పాత పిస్టల్ ఇక పనికిరాదని మామ తనకు తెలిసినవాళ్ళ దగ్గర నుంచి రెండు తెప్పించాడు. ఒకటి పొట్టిది, తేలికది, పిల్లల చేతులకని చేసినది. ఇంకొకటి పూర్తి సైజుది, గొట్టం పొడవు, బరువూ ఎక్కువ. ఒకటి ఉంచుకుని ఒకటి వెనక్కి పంపాలి. మామ ఉబ్బసం మనిషిలా కూర్చుని నిద్రపోయే దశకు వచ్చేశాడు అప్పటికి. ఏది ఉంచుకున్నా దాన్ని పాప చేతికి అమర్చడానికి తనకు ఎంత వ్యవధి ఉందో ఆయనకు తెలుసు. మాకూ తెలుసు.

మా అమ్మాయి పొట్టిదే కావాలంది. "తాతా, పెద్దది ఎత్తితే భుజం లాగతా ఉండాది. పోటీ అంతసేపు నేను నిలబల్లేను."

"ఆ లాగేది కొన్నాళ్ళే. ఆ తర్వాత నీ చెయ్యే అడుగుతాది, బరువు యాడ పెట్టినావు అని."

"చిన్నది ఎంత బాగా మాట వింటాదో చూడు."

"అదే దాని రోగం. నీ వణుకు కూడా వింటాది."

ఆమె ఒప్పుకోలేదు. మామ బలవంతం చెయ్యలేదు. "నీ చెయ్యి, నీ ఇష్టం" అని లేచాడు. సున్నం కొట్టిన గోడ ముందు నిలబడి, గుండు లేని పొట్టి పిస్టల్ చేతికి అడిగాడు. చెయ్యి చాపి ఎత్తాడు. ఆయన రొమ్ము ఎగిసి పడుతోంది, మెడ నరాలు ఉబ్బాయి. పిస్టల్ కొన తెల్లగోడ మీద ఎండుటాకులా కొట్టుకుంది. దించి, కుర్చీలో కూర్చుని ఊపిరి కూడదీసుకుని, పెద్దది అడిగాడు. నేను వద్దన్నాను. మా అమ్మ ఆ రోజు మొదటిసారి షెడ్డులోకి వచ్చి గోడకు ఆనుకుని చూస్తోంది. ఆమె వద్దనలేదు.

పెద్దదాన్ని ఎత్తాడు. అదే రొమ్ము, అదే ఎగపోత. కొన అదిరింది, కాని మెల్లగా, కొంచెంగా అదిరింది. గురి చూసే ముందు ముక్క, పిస్టల్ వెనక వైపున్న గంటులో నుంచి బయటికి దూకలేదు.

"చూసినావా పాపా? నా అంత చెడ్డ రొమ్ము నీకు యాడా దొరకదు. దీని మీద నిలబడిందంటే నీ చేతిలో నిలబడతాది."

మా అమ్మాయి ఆయన చేతిలో నుంచి దాన్ని తీసుకుంది. పొట్టిది వెనక్కి వెళ్ళిపోయింది.

పెద్దదాని పిడి మగవాళ్ళ చేతికి చేసిన కొయ్య. కొన్నిచోట్ల పుట్టీ పెట్టి నింపాలి, కొన్నిచోట్ల ఆకురాయితో అరగదీయాలి. పాప కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తాలి, కళ్ళు తెరిస్తే ముందు ముక్క గంటు నడుమ తనంతట తానే ఉండాలి. లేకపోతే ఇంకొంచెం అరగదీయాలి. దుమ్ముకు దూరంగా ఉండమని కోలారు డాక్టరు ఎన్నిసార్లో చెప్పారు. వడ్రంగికి ఇద్దామని నేను బతిమాలాను. "వడ్రంగికి కొయ్య తెలుసునమ్మా, పాప చెయ్యి తెలీదు" అన్నాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని రోజూ కాస్త కాస్త అరగదీశాడు. ఆయనకు బలం కలగాలని నేను శుక్రవారాలు అమ్మవారికి మొక్కాను. పని తొందరగా ముగియాలని మొక్కానో, ముగియకూడదని మొక్కానో, ఇప్పుడు తలచుకుంటే నాకే తెలియడం లేదు.

కర్మ అయిన మర్నాడు మేం ముగ్గురం షెడ్డు తలుపు తీశాం. బల్ల మీద పిడి, పక్కన ఆకురాయి, చుట్టూ సన్నటి కొయ్య పొట్టు. మా అమ్మాయి పిడిని ఊదబోయి, ఆగి, గుడ్డతో తుడిచింది. పట్టుకుని చూసింది. అరచేతికి ఒదిగింది, వేళ్ళు తమ చోట్లలో కుదిరాయి. బొటనవేలి దగ్గర మాత్రం ఇంకా గరుకుగా ఉంది. అక్కడిదాకా వచ్చి మామ ఆగిపోయాడు. దాన్ని అట్లాగే బిగించుకుంటానంది.

అప్పుడు చూశాం. పలక మీద మామ బిళ్ల మేకుకే ఉంది. ఆయన పోయిన ముందు రోజు సాయంత్రం పని మధ్యలో ఎగపోత వస్తే మా అమ్మే ఆయన్ని భుజం పట్టి ఇంట్లోకి నడిపించుకుపోయిందట. బిళ్ల సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

మా అమ్మాయి దాన్ని తీయబోయింది.

"ఉండనీ పాపా" అంది మా అమ్మ. "లోపల మనిషి ఉండాడు."

పాప చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండో మేకుకు తన బిళ్ల తగిలించి, పిడి బిగించి, పంపు కొట్టి, కాగితపు గురి వైపు తిరిగి నిలబడింది. మా అమ్మ అక్కడే గడప మీద కూర్చుంది. ఆ సాయంత్రం పని అయ్యాక గుండు లేదని తెరిచి మా అమ్మకే చూపించింది. పెట్టెలో పెట్టి తాళం వేసి తన బిళ్ల తీసుకుంది. బయట గని వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి గాలి వచ్చి రేకులు కదిలాయి. ఖాళీ మేకు పక్కన మామ బిళ్ల ఒకసారి పలకకు తగిలి, మళ్ళీ నిలిచింది.