పంతులమ్మ గోడకు సున్నం

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లన్నీ కదిలిన రోజుల్లో, ముడిమ్యాలలో మా బడి నెలల తరబడి మూతబడింది. నాకు ఎనిమిదేళ్లు. చేవెళ్లలో ఊరేగింపు ఉందంటే మా బాపు జెండా పట్టి ముందు నడిచేవాడు, ఊరు ఆయన వెనక నడిచేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆవేశం తగ్గేది కాదు. "మన కొలువులన్నీ ఆంధ్రోళ్లకే పాయె. ఒక్కొక్కల్ని ఎల్లగొట్టాలె" అనేవాడు. ఆ మాటలను నేను అన్నంతో పాటే తిన్నాను.

మా పంతులమ్మది గుంటూరు వైపు. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఒక శనివారం మధ్యాహ్నం బొగ్గుముక్కతో ఆమె కిరాయికి ఉంటున్న ఇంటి గోడ మీద 'వెళ్లిపో' అని పెద్దగా రాశాను. మెచ్చుకుంటాడని పరుగున వెళ్లి బాపుకు చెప్పాను కూడా.

ఆయన మెచ్చుకోలేదు, కొట్టనూ లేదు. నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. పంతులమ్మ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుకుంటోంది. "ఊళ్లో ఎంతమంది ఎన్ని అన్నా భయపడలేదండీ. కానీ గోడ మీదిది నేను దిద్దించిన చేతిరాత. ఇంకెవరికి చెప్పను పాఠాలు? సోమవారం పొద్దుటి బస్సుకి వెళ్లిపోతాను" అంది.

మరునాడు ఆదివారం ఆయన మాతో చర్చికి రాలేదు. ప్రార్థన ముగించుకుని అమ్మతో పంతులమ్మ ఇంటి మీదుగా వచ్చేసరికి, బాపు బకెట్లో సున్నం కలుపుకుని ఆ గోడకు కొడుతున్నాడు. జనం ఆగి చూశారు.

"ఏందన్నా, నిన్న జెండా, ఇయ్యాల కుంచెనా?" అని ఒకాయన నవ్వాడు.

బాపు చెయ్యి ఆపలేదు. "రాసింది నా బిడ్డ. రాయించింది నా నోరు. తెలంగాణ కావాలని రేపు గూడ అంట. గని సదువు చెప్పే మనిషిని గిట్ల బెదిరిచ్చి పంపితే, వచ్చిన తెలంగాణను మన పోరగాండ్లు ఏం జేసుకుంటరు?"

తర్వాత కుంచె దించి, గడపలో నిలబడ్డ ఆమె వైపు తిరిగాడు. "తప్పు నాది పంతులమ్మా. మీరు పోవద్దు" అన్నాడు. మా బాపు తల వంచగా చూడటం నాకదే మొదటిసారి. నవ్వినాయనే కాసేపటికి నిచ్చెన మోసుకొచ్చి, "పైనంతా ఇడిసిపెట్టినవ్, జరుగన్నా" అంటూ రెండో కుంచె అందుకున్నాడు.

సోమవారం బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. బడి తెరిచిన రోజు నేను సిగ్గుతో చివరి వరుసలో నక్కితే, పంతులమ్మ నన్నే పిలిచి, చేతిలో సుద్దముక్క పెట్టి, బోర్డు మీద తేదీ రాయమంది.

తండ్రి మాట తప్పైనా తలవంచాలని బోధించే వాళ్లతో జీవితమంతా వాదించాను. అందుకు బలం నాకు పుస్తకాల్లో కన్నా, తన మాటే తప్పని ఒప్పుకుని సున్నానికి ఒరుసుకుపోయిన మా బాపు వేళ్లలోనే ఎక్కువ దొరికింది. ఇప్పటికీ ఒక కటువైన మాట రాసేముందు, దీన్ని మా ఇంటి పిల్లలు ఎవరి గోడ మీద రాస్తారో అని ఆగుతాను. రాశాక తప్పని తేలితే, నలుగురూ చూస్తుండగానే సున్నం కలుపుకుంటాను.