కోడలి మీటింగు, బుట్టెడు చిక్కుడుకాయలు

మా కోడలు చోడవరంలో మా ఇంటి ముందుగదిలోంచే ఉద్యోగం చేస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిదిమంది ఇంజినీర్లకు లీడు. రోజూ పదింటికి మీటింగు. పేపరు చదువుతూ నేనూ వింటాను. వినడం తప్పే. విన్నది డైరీలో రాయడం ఇంకా తప్పు. ఏం చేయను, చిన్నప్పటి అలవాటు.

ఓ మంగళవారం మీటింగయ్యాక వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది.

"టీమ్‌లో అందరికంటే బాగా పనిచేసే గుంట, మావయ్యా. రిజైన్ చేసేస్తానంటంది. దానికి నేనేటి తక్కువ చేసేను? దాని పని సగం నేనే చేసిపెడతన్నాను కదా!"

ఆ మాటకే లేచి డైరీ తెచ్చాను. నెల రోజులుగా అదే వాక్యం: ఆ అమ్మాయి చెప్పడం పూర్తికాకముందే కోడలు 'వదిలెయ్, నేను చేసేస్తాలే' అంది.

"నామీద డైరీ రాస్తన్నారా! అత్తయ్యా, సూడండి ఈయన్ని!"

"నామీదా రాసేరమ్మా. పులుసులో ఉప్పెక్కువైన రోజులన్నీ ఉన్నాయి," అంది మా ఆవిడ లోపల్నుంచి.

కోడలు నవ్వలేదు. అప్పుడు బీరువా అడుగునుంచి పాత డైరీ తీశాను. చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్నప్పటిది. క్రషింగ్ సీజన్లో మిల్లు ఆగితే గేటు బయట చెరకు బళ్లు బారులు తీరతాయి. ఆ కంగారులో ఫిట్టర్ బిగించిన ప్రతి బోల్టునూ నేను మళ్లీ బిగించేవాణ్ణి. ఓరోజు అతను పానా నా చేతిలో పెట్టి, "మీరే బిగించేసుకోండి బాబూ, నేనెందుకు?" అని వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు. నాలుగోరోజు రావికమతంలో అతనింటి దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లి పానా అతని చేతికిచ్చి వచ్చాను.

కోడలు ఆ పేజీ రెండుసార్లు చదివి, ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. వచ్చి, "శుక్రవారం కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు మొత్తం తననే సూసుకోమన్నాను, నేను ముట్టుకోనని చెప్పేను. అదయ్యాక ఆలోచిస్తానంది," అంది.

శుక్రవారం లాప్‌టాప్ ముందు కూర్చుంది గాని చేతులు మాటిమాటికీ కీబోర్డు మీదికే పోతున్నాయి. మా ఆవిడ బుట్టెడు చిక్కుడుకాయలు తెచ్చి ఒళ్లో పెట్టింది. మధ్యలో తెరమీద ఏదో ఎర్రగా వచ్చింది. కోడలు నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. పళ్లు బిగించి ఈనెలు తీస్తూ కూర్చుంది. కాసేపటికి అవతలనుంచి ఆ అమ్మాయి గొంతు:

"సరిచేసేశానక్కా. అయిపోయింది. సోమవారం మీటింగులో దీని గురించి నేనే చెప్తాను, మధ్యలో ఆపకండి."

"ఆపనమ్మా. అంటే ఉంటన్నావా?"

"ఉంటానక్కా."

కోడలు కళ్లు తుడుచుకుని బుట్ట నాకు అందించింది.

"సోమవారానికి ఇంకో బుట్ట తెప్పించండి మావయ్యా. వడ్డాదిలో లేతవి దొరుకుతాయి."

మూడు వారాలుగా మా ఇంట్లో చిక్కుడుకాయ కూరే.