ముందుగదిలో హత్యలు

జీవితమంతా హత్యకేసులు వాదించిన ఆ ప్లీడరుగారి ముందుగదిలో ఆయన భార్య ఎన్నిసార్లు చచ్చిపోయిందో లెక్కే లేదు. గొడ్డలితో, గడ్డపారతో, పగిలిన సీసాతో, ఒకసారి సైకిల్ చెయినుతో. ఆయన పద్ధతి అది. పోస్టుమార్టం రిపోర్టు చేతికందగానే ఆవిణ్ణి గది మధ్యలో నిలబెట్టి, చెక్క గరిటె పట్టుకుని, దెబ్బ ఎటునుంచి పడిందో కొట్టి చూసుకునేవారు. "ఊఁ, పడిపో" అంటే ఆవిడ పడిపోయేది.

"పొయ్యిమీద కూర మాడుతోంది, త్వరగా చంపండి" అనేది.

ఈ పిచ్చి పద్ధతే ఆయనకి పేరు తెచ్చిపెట్టింది. తక్కిన వకీళ్లు లా పుస్తకాలు తిరగేస్తుంటే, ఈయన "ఎడమచేత్తో పొడిస్తే గాయం ఇటెలా తిరిగిందయ్యా?" అని అడిగి సాక్షులచేత నీళ్లు నమిలించేవారు. తలలు పగిలినవాళ్ల ఫొటోలు పక్కన పెట్టుకుని సుబ్బరంగా అన్నం తినేవారు. ఇప్పుడు కోర్టు మానేసి ఇంట్లో కూర్చున్నాక, వచ్చినవాళ్లందరికీ ఆ కథలు చెప్పి చెవులు చిల్లులు పడేలా నవ్వుతారు. లారీ డ్రైవరు కేసు మాట ఎత్తితే మాత్రం, మంచినీళ్లు తాగొస్తానని లోపలికి వెళ్లిపోతారు.

ఆ కేసులో ఈయన డ్రైవరు తరఫు వకీలు. తన భార్య ఉరేసుకుని చచ్చిపోయిందన్నాడు వాడు. ముందు ఎవరో చేతులతో గొంతు నొక్కి, తర్వాత వేలాడదీశారని డాక్టరు రాశాడు. అరెస్టునాటికి డ్రైవరు రెండు మణికట్ల మీదా ఎర్రగా చీరుకుపోయిన గీతలున్నాయి. "టార్పాలిన్ తాడు కోసుకుంది సార్" అన్నాడు వాడు. చచ్చిపోయినామె తల్లి మాత్రం రోజూ కోర్టుకొచ్చి కూర్చునేది. చంటిపిల్ల ఆవిడ దగ్గరుంది. వీడు బయటికొస్తే పిల్లని లాక్కుపోతాడని ఆ ముసలామె ప్రాణం కొట్టుకుపోయేది.

డాక్టరుని ప్రశ్నించే ముందురోజు సాయంత్రం ప్లీడరుగారు భార్యని నిలబెట్టారు.

"ఇవాళ గరిటె లేదు. మెడ కాస్త గట్టిగానే పట్టుకుంటాను."

మొదట ఆవిడ నవ్వింది. ఆయన దృష్టంతా బొటనవేళ్ల మీదే ఉంది. డాక్టరు రాసిన మచ్చలు ఎక్కడ పడతాయో చూసుకుంటూ, చేతుల్లో ఉన్నది మనిషి మెడ అన్న సంగతే మరిచిపోయారు. ఆవిడ కళ్లు తేలేసింది. కుర్చీ తన్నేసింది. రెండు చేతులతో ఆయన మణికట్లు రక్తం వచ్చేలా రక్కేసింది. అప్పటికి గాని ఆయన వదల్లేదు.

ఆవిడ నేలమీద కూలబడి, ఊపిరందక దగ్గుతూ, "మనిషివేనా నువ్వు?" అంది. పెళ్లయిననాటి నుంచీ ఆవిడ ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి.

ఆయన తన చేతులు చూసుకున్నారు. డ్రైవరు చేతులమీద ఉన్నవి అచ్చం ఇవే గీతలు. వాడే చంపాడు.

"ఈ కేసు వదిలెయ్యండి" అంది ఆవిడ, బొంగురుపోయిన గొంతుతో.

"సగంలో ఎలా వదిలేస్తాను? తప్పో ఒప్పో తేల్చడం జడ్జి పని" అన్నారు. సిగ్గులేని మాట. ఆ మాట ఆయనే నమ్మలేదు.

మర్నాడు కోటు చేతులు వేళ్లదాకా లాక్కుని వెళ్లారు. డాక్టరుని ముప్పుతిప్పలు పెట్టి, "తాడువల్ల కూడా అలా కావచ్చు" అనిపించారు. అంతే చాలింది. కొద్దిరోజుల్లోనే తీర్పొచ్చింది, వాడు విడుదలయ్యాడు.

కోర్టు వరండాలోనే వాడు అత్తగారిని మోచేత్తో గోడకేసి కొట్టి, కెవ్వుమంటున్న పిల్లని చంకనేసుకుని మెట్లు దిగిపోయాడు. ముసలామె పెదవి చిట్లి రక్తం కారుతోంది. లేచొచ్చి ప్లీడరుగారి చేతులు పట్టుకుంది. వాణ్ణి ఆపమని అడగబోయింది కాబోలు. కోటు చేతులు పైకి జరిగాయి. పక్కులు కట్టిన ఆ గీతలవైపు, అల్లుడి చేతులమీద చూసినవే అన్నట్టు, చాలాసేపు చూసింది.

"మీ ఆవిడ బతికే ఉందా, బాబూ?"

"ఉందమ్మా."

"అయితే తమరు వదిలారన్నమాట" అంది.