రెండుసార్లు అమ్మిన గాలి

నేను గాలిని అమ్మాను. ఒకే గాలిని, ఒకే మధ్యాహ్నం, ఇద్దరికి అమ్మి దొరక్కుండా బయటపడ్డాను. మా నాన్న విశాఖ పాతపట్నంలో ఇనప సామాను కొట్టు నడిపినన్నాళ్ళూ ఒక్క మేకును కూడా రెండుసార్లు అమ్మలేకపోయాడు. ఆ లెక్కన మా వంశంలో నేనే ఘనుణ్ణి. ఇంత గొప్ప బేరాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఇన్నేళ్ళూ గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో నేనొక విమానాశ్రయం కంట్రోల్ టవర్లో పనిచేసేవాణ్ణి. మాకు దగ్గర్లోనే, ఆనందపురం వైపు, కుర్రాళ్ళకి విమానం నడపడం నేర్పే చిన్న మైదానం ఒకటుండేది. రెంటికీ మధ్య ఆకాశం ఇరుకు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఇల్లు పంచుకున్న అన్నదమ్ముల్లా ఆ గాలిని పై అంతస్తు, కింది అంతస్తు అని పంచుకున్నాం. పైది మాది, ప్రయాణికుల విమానాలకి. కిందిది వాళ్ళది. వాళ్ళ విమానం పైకి రావాలంటే మమ్మల్ని ఫోన్లో అడగాలి. మేం సరేనంటే, అది తిరిగి దిగేదాకా మా విమానాన్ని సముద్రం మీద తిప్పుతూ ఆపాలి. అడిగిందీ ఇచ్చిందీ ఇద్దరూ పుస్తకంలో రాయాలి.

అవతలి టవర్లో నాయుడు ఉండేవాడు. మొహం చూసింది తక్కువ, గొంతు మాత్రం రోజూ వినేవాణ్ణి. రాయడం ముందు మానింది నేనే. రాస్తే, ఎందుకిచ్చావని పైవాళ్ళు అడుగుతారు. నోటిమాటయితే సుఖం. మన మధ్య రాతలేటి బావా, అనేవాణ్ణి. అతను పది నిమిషాలు అడిగితే నేను ఐదంటాను. ఏడుకి తెగుతుంది. బదులుగా, మర్నాడు నా విమానం దిగే వేళకి తన కుర్రాళ్ళని నేలమీదే కూర్చోబెట్టేవాడు. ఇచ్చిన మాట ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పుతాడేమోనని నేనే చూస్తూ ఉండేవాణ్ణి.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం కింది అంతస్తు నిండా మబ్బు కమ్మింది. శిక్షకుడూ, కుర్రాడూ ఉన్న చిన్న విమానమొకటి అందులో ఇరుక్కుంది. పైకి రానిమ్మని నాయుడు అడిగాడు. ఇచ్చాను. అంత మబ్బులోనూ బేరమాడే ఇచ్చాను. ఫోన్ పెట్టేసిన కాసేపటికే మా ప్రయాణికుల విమానం, రావలసిన వేళకన్నా ముందే వచ్చి, దిగుతానంది. ఆపాలి. ఆపితే ఎందుకాపానో రాసివ్వాలి. రాసిస్తే ఇన్నాళ్ళ నోటిమాట బేరాలన్నీ బయటపడతాయి. నాయుడి విమానం ఈపాటికి కిందికి వెళ్ళిపోయే ఉంటుందనుకున్నాను. అనుకున్నానా? లేక, అనుకుంటే నాకు సుఖమని అనుకున్నానా? ఫోన్ నా చేతి పక్కనే ఉంది. తీయలేదు. దిగమన్నాను.

మబ్బు అంచున రెండు విమానాలూ ఎదురుపడ్డాయి. శిక్షకుడు చిన్నదాన్ని ఒక్కసారిగా పక్కకి తిప్పి కిందికి దూకించాడు. పెద్దదాని కిటికీల్లో మొహాలు కనబడ్డాయని తర్వాత చెప్పాడట. ఎవరూ చావలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలాకాలం నిద్రపోయాను.

విచారణలో నాయుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. అడిగాను, ఇచ్చాడు, రాసుకోలేదు. తర్వాత నన్ను పిలిచారు. నన్నెవరూ అడగలేదన్నాను. కొట్లో పెరిగినవాణ్ణి కదా, గొంతు తడబడలేదు.

బయట వరండాలో నాయుడు నా కోసం నిలబడి ఉన్నాడు.

"బావా, నాను అడిగినాను. నువ్వు ఇచ్చినావు. అవునా, కాదా?"

"రాసుకున్నావేటి?" అన్నాను.

"రాతలేటని నువ్వే కదేటి అన్నావు." అతని గొంతు పెరగలేదు. "పద, ఇద్దరం ఒప్పీసుకుందాం. ఇద్దరికీ సీవాట్లు పడతాయి, అంతే గదా. నానొక్కడినే అయితే ఉజ్జోగం పోద్ది."

"నాకు పిల్లలున్నారు."

"నాకున్నవేటి, మేకలా?"

ఇంకో రోజయితే ఆ మాటకి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను.

అతని ఉద్యోగం పోయింది. అడక్కుండా విమానాన్ని పైకి పంపి, ఆపైన అబద్ధమాడినవాడన్న పేరొచ్చింది. ఆ పేరుతో ఏ టవర్ రానిస్తుంది?

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఒకసారి స్కూటర్ మీద కూర్మన్నపాలెం వెళ్ళాను. మట్టి లారీలు రోడ్డు దాటే చోట ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నాయుడు. నన్ను గుర్తుపట్టాడు. లారీలకి ఎర్రజెండా ఎత్తి, నాకు పచ్చది ఊపాడు. అది వెక్కిరింతా, మర్యాదా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆగి అడిగితే తెలిసేది. దారిచ్చాడు కదా అని వెళ్ళిపోయాను.

చాలా నెలలకి ధైర్యం తెచ్చుకుని మళ్ళీ వెళ్ళేసరికి జెండాలు వేరే మనిషి చేతిలో ఉన్నాయి. నాయుడికి గుండె ఆగిపోయిందన్నాడు. కుటుంబం గాజువాకలో ఉందన్నాడు. గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ఎవరో అన్నం తినమని పిల్లల్ని పిలుస్తున్నారు. తిరిగొచ్చేశాను.

ఇక లెక్క చూసుకుందాం. ఆ రోజు నిజం చెప్పి ఉంటే నాకు పడేది చీవాట్లు. కొన్నాళ్ళు తలొంచుకుని తిరగడం. నేను మిగుల్చుకున్నది అంతే. దానికి ఒక మనిషి ఉద్యోగాన్నీ పరువునీ ఇచ్చేశాను. అవి నావి కావు, కాబట్టి ఇస్తున్నప్పుడు నాకేమీ నొప్పి పుట్టలేదు. తిరిగి పుచ్చుకోవడానికి ఇప్పుడు ఆ మనిషి లేడు. మీకు చెప్పుకున్నాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ లాభం కూడా నాకే. గాజువాకలో ఆ ఇంట్లో మాత్రం నాయుడు ఈ రోజుకీ అబద్ధమాడి ఉద్యోగం పోగొట్టుకున్నవాడే.