క్లెయిమ్ అడగని మామ

ప్రొద్దుటూరులో నా దగ్గర కారు ఇన్సూరెన్స్ కట్టే పులివెందుల మామ ఒకడుండేవాడు. క్లెయిమ్ చేయకుంటే బోనస్ కింద ఏటా ప్రీమియం తగ్గుతుందని చెప్పింది నేనే. అప్పట్నుంచి కారుకు ఎక్కడ గీత పడినా తువ్వాలుతో తుడిచేసి, "వద్దప్పా, బోనస్ పోతాది" అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

జమ్మలమడుగు దారిలో ఆయన తమ్ముణ్ణి ఆ కారులోంచే బయటికి లాగి కొడవళ్లతో నరికారు. అద్దాలన్నీ పగలగొట్టారు.

"నరికినోళ్ల పేర్లు పోలీసులకు చెప్పు మామా, కేసు కాగితం ఉంటే క్లెయిమ్ వస్తాది," అన్నాను.

సీటు మీది నెత్తురు తుడుస్తూ, "వద్దప్పా, బోనస్ పోతాది," అన్నాడు.

మరుసటేడు మామ రెన్యువల్‌కు వచ్చినప్పుడు కారు చూశాను. ముందు బంపరు లోపలికి నొక్కుకుపోయింది. నరికినవాళ్లలో ఒకణ్ణి ఏదో కారు తొక్కేసిందని ఆ పొద్దుటే విన్నాను.

"క్లెయిమ్ ఏమన్నా ఉండాదా మామా?"

"ఏం లేదప్పా. బోనస్ ఎంత పెరిగిందో చూడు," అంటూ తువ్వాలుతో బంపరు తుడిచాడు.